కథానాయికకు జుట్టు ఊడదు

కొన్నేళ్ళ క్రితం ఒక వారపత్రికలో నా సీరియల్ నడిచింది. ముప్ఫై రెండో వారంలో కథానాయికకు బ్లడ్ క్యాన్సర్ అని డాక్టరుగారి చేత చెప్పించాను. నలభయ్యో వారంలో చంపేశాను. మధ్యలో ఎనిమిది వారాలూ పాఠకురాళ్ళ ఉత్తరాలూ, ఫోన్లూ! "కళ్ళు వాచిపోయాయండీ, మావారు కాఫీ అడిగితే కసురుకున్నాను" అని ఒకావిడ వ్రాసింది. నవలలు వ్రాసుకునేదానికి ఇంతకంటే సన్మానం ఏముంటుంది చెప్పండి! ఆఖరి వారంలో ఆ పిల్ల భర్త ఒడిలో తల పెట్టుకుని, కిటికీలోంచి వచ్చే గాలికి ముంగురులు కదులుతూండగా, ఒకటిన్నర పేజీ మాట్లాడి కన్నుమూసింది.

ఆ ముంగురుల దగ్గరే దొరికిపోయాను.

పట్టుకున్నది పేరున్న విమర్శకులెవరూ కాదు. పరకాలలో మా వదిన. మా పెద్దనాన్నగారి పెద్దకొడుకు భార్య. ఇంట్లోనే మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. 2024 జూలైలో ఆమెకు ఎడమవైపు రొమ్ము తీసేశారు. ఆగస్టులో కీమో మొదలుపెట్టారు. మొదటి డోసు ఎక్కించుకుని వచ్చి పడుకున్నప్పుడు, కాలక్షేపానికి ఏదన్నా ఇమ్మంటే నా సీరియల్ కట్ట ఇచ్చాను. ఇవ్వకుండా ఉండవలసింది! పదిహేను రోజుల తరువాత నేను మళ్ళీ పరకాల వెళ్ళేసరికి కట్ట మొత్తం చదివేసి, తలకి కొంగు బిగించుకుని కూర్చుని ఉంది.

"ఏంది మరదలా, గీ పిల్లకు కీమో ఇచ్చిండ్రా, ఇయ్యలేదా?"

"ఇచ్చారు వదినా. ముప్ఫై ఆరో వారంలో ఉంది."

"మరి జుట్టెందుకు ఊడలే?"

అని కొంగు తీసి చూపించింది. దువ్వెన పెడితే కుచ్చులు కుచ్చులుగా వస్తున్నదని ఆ ఉదయమే మా అన్న చేత మిషన్ పెట్టించి తీయించేసిందట. నేను ఏమీ మాట్లాడలేకపోయాను. బి.ఏ.లో మూడేళ్ళు సాహిత్య విమర్శ చదివాను. ఇంత సూటి ప్రశ్న ఏ పుస్తకంలోనూ తగల్లేదు.

సమర్థించుకోవడానికి కాదుగాని, ఈ విద్య నేను కనిపెట్టింది కాదు. 1981లో 'ప్రేమాభిషేకం' వచ్చింది. క్యాన్సర్ వచ్చిన కథానాయకుడు, ప్రేమించిన అమ్మాయి తనను అసహ్యించుకోవాలని నాటకమాడతాడు. 1989లో 'గీతాంజలి'. బ్రతుకు గడువు తెలిసిపోయిన ఇద్దరు ఊటీ మంచులో ప్రేమించుకుంటారు. 1993లో వచ్చిన 'మాతృదేవోభవ' సంగతి మీకు చెప్పాలా? బ్లడ్ క్యాన్సర్ వచ్చిన తల్లి, తను పోయేలోగా పిల్లల్ని ఒక్కొక్కరినీ ఒక్కొక్క ఇంటికి అప్పగించుకుంటూ వస్తుంది. అందులో వేటూరి పాటకు జాతీయ బహుమతి వచ్చింది. పరకాల టాకీసులో మా అమ్మ పక్కన కూర్చుని చూశాను. ఆడవాళ్ళ వైపు ముక్కులు చీదుకునే చప్పుడులో మాటలు వినపడలేదు. ఈనాటికీ ఆ సినిమా వేస్తే కూర్చుంటాను, ఏడుస్తాను. మంచి సినిమాలే. కాదనను.

కాని వాటిలో జబ్బు ఏం పని చేస్తున్నదో కాస్త చూడండి. గడువు పెడుతుంది, అంతే. ఆ గడువులోపల త్యాగం చేయాలి, క్షమాపణ అడగాలి, పిల్లల్ని అప్పగించాలి. మందు ఎక్కించుకుని బస్సులో ఇంటికి వచ్చి, మర్నాడు పొద్దున్న పొయ్యి వెలిగించాలా వద్దా అని ఆలోచించే మనిషి వాటిలో నాకు గుర్తున్నంతవరకు లేదు. 'ప్రేమాభిషేకం' రావడానికి అయిదేళ్ళ ముందే, 1976లో, ఇటలీలోని మిలాన్ నుంచి బొనడొన్నా అనే డాక్టరు ఒక సంగతి ప్రకటించారు. రొమ్ముకు ఆపరేషన్ అయిన ఆడవాళ్ళకు మూడు మందులు కలిపి ఇస్తే జబ్బు తిరగబెట్టడం తగ్గుతున్నదని. అంటే క్యాన్సర్ వచ్చిన మనిషి చికిత్స చేయించుకుంటూ నెలల తరబడి బ్రతకడం, ఆ తరువాత ఏళ్ళ తరబడి బ్రతకడం అన్నది అప్పటికే లోకంలోకి వచ్చేసింది. మన కథల్లోకి రాలేదు.

అసలు అందరికీ బ్లడ్ క్యాన్సరే ఎందుకు వస్తుందో ఎప్పుడైనా ఆలోచించారా? నేను ఆ ముప్ఫై రెండో వారం వ్రాసేటప్పుడు ఒక్క నిమిషం ఆలోచించాను, ఒప్పుకుంటున్నాను. రొమ్ము అన్న మాట కుటుంబ పత్రికలో, అదీ కథానాయిక విషయంలో, ఎలా వ్రాయడం? రక్తం అయితే గౌరవంగా ఉంటుంది. పైకి ఏమీ కనిపించదు. చీర కట్టు చెదరదు. మన కవులు స్తనాన్ని వందల ఏళ్ళుగా వర్ణించారు. దానికి జబ్బు మాత్రం రాకూడదు! నిజానికి మన దేశంలో ఆడవాళ్ళకు వచ్చే క్యాన్సర్లలో అన్నిటికంటే ఎక్కువ అదే. 2022లో కొత్తగా సుమారు 1 లక్షా 92 వేల మందికి వచ్చిందని అంచనా. మా వదిన కూడా అయిదు నెలలపాటు "గడ్డ" అనే అంది. ఎక్కడో చెప్పలేదు. మేమూ అడగలేదు.

ఇక ఆమె రోజులు ఎలా ఉండేవో చెబుతాను. ఇవి నా సీరియల్‌లో లేని వారాలు.

మొదటి నాలుగు డోసులూ ఇరవై ఒక్క రోజులకొకటి. వాటిలో ఒక మందు ఎర్రగా, కుంకుమ కలిపిన నీళ్ళలాగా ఉంటుంది. కుంకుమేశ్వరస్వామి వెలిసిన ఊరి ఆడబిడ్డ కదా, గొట్టంలో దిగుతున్న ఎరుపు చూసి దండం పెట్టుకుందట. ఆ రాత్రి బాత్రూములో ఎర్రగా కనిపించేసరికి రక్తం పోతున్నదనుకుని బిగుసుకుపోయింది. అది మందు రంగేనని, ఒకటి రెండు రోజుల్లో పోతుందని ఆమెకు ముందు చెప్పినవాళ్ళు లేరు. ఒక్క వాక్యం! ఆ ఒక్క వాక్యం తెలిసి ఉంటే ఆ రాత్రి ఆమె నిద్రపోయి ఉండేది.

మొదటి వారం పోపు వాసన పడదు. పక్కింటి పోపు కూడా పడదు. ఈ రోజుల్లో వాంతులకు మంచి మాత్రలు వచ్చాయి. మా అమ్మమ్మ కాలంలో లాగా పేగులు తెగేలా కక్కడం లేదు. అయినా నోట్లో ఇనుప గరిటె పెట్టుకున్నట్టే ఉంటుందట. పచ్చిపులుసు ఒక్కటే దిగేది. రెండో వారం ఆ పచ్చిపులుసూ పోయింది. నోరంతా పూత. మిరపకాయలు పండే గడ్డమీద పుట్టి ఉప్పులేని పెరుగన్నం తినడమంటే ఏమిటో మా వరంగల్లు వాళ్ళకే తెలుస్తుంది. రక్తంలో తెల్లకణాలు బాగా తగ్గిపోయేదీ అప్పుడే. జ్వరం 100.4 దాటితే ఏ వేళయినా సరే ఆసుపత్రికి రావాలన్నారు. ధర్మామీటరు దిండు కింద పెట్టుకుని పడుకునేది. మూడో వారంలో మనిషి లేచేది. మిషన్ తుడిచేది. మటన్ తెమ్మని మా అన్నను పంపేది. వాయిదా పడ్డ జాకెట్లు కుట్టేది, కోడలితో తగాదా పడేది. "మూడో వారం నేను మంచిగనే ఉంట మరదలా" అనేది. ఆ మంచిగా ఉండటం పూర్తిగా తీరకుండానే ఇరవై ఒక్కటో రోజు వచ్చేది, మళ్ళీ బస్సు.

బస్సు సంగతి కూడా చెప్పాలి. మన ఆడవాళ్ళు క్యాన్సర్ అనగానే హైదరాబాదు దారి పట్టడం ఇవాళ్టిది కాదు. రెడ్‌హిల్స్‌లో ఎం.ఎన్.జె. ఆసుపత్రి 1955 నుంచీ ఉంది. ఎన్.టి. రామారావుగారి భార్య బసవతారకం పేరు మీద కట్టినది 2000లో తెరిచారు. పరకాల నుంచి హన్మకొండ, అక్కడి నుంచి హైదరాబాదు, మొత్తం 180 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. మందుల ఖర్చు ఆరోగ్యశ్రీ చూసుకున్నా, తోడు వచ్చినవాడి పని పోవడం, తిండి ఖర్చు, ఆలస్యమైతే ఒక రాత్రి గది అద్దె ఎవరు చూస్తారు? 2023 డిసెంబరు నుంచి మా రాష్ట్రంలో ఆడవాళ్ళకు బస్సు ఉచితం. వదినకు టిక్కెట్టు లేదు, మా అన్నకు ఉంది. సీటు మాత్రం ఇద్దరికీ లేదు. రెండో డోసు ఎక్కించుకుని తిరిగి వస్తూంటే హన్మకొండ బస్సులో నిలబడవలసి వచ్చింది. తలకి కొంగు కప్పుకుని స్తంభం పట్టుకుని నిలబడ్డ మనిషిని చూసి జబ్బు అని ఎవరికి తెలుస్తుంది? "ఊరికే వస్తున్నదని అందరూ బయల్దేరారు" అని వెనకనుంచి ఎవరో అన్నారట. జిల్లా ఆసుపత్రుల్లోనే ఒక పూట ఉండి మందు ఎక్కించుకునే కేంద్రాలు మూడేళ్ళలో పెడతామని, మొదటి ఏడాది 200 పెడతామని, 2025-26 కేంద్ర బడ్జెట్‌లో చెప్పారు. హన్మకొండలో మందు, సాయంత్రానికి పరకాలలో సొంత మంచం. దీనికంటే గొప్ప మందును నేనయితే ఊహించలేను.

గుండు విషయంలో మా వదిన మొదట్లో అబద్ధమాడింది. ఎవరైనా అడిగితే "ఎములాడ పోయినం, మొక్కు తీర్చుకున్న" అనేది. ఒక ముసలమ్మ వదలకుండా "ప్రసాదమేది?" అని అడిగిందట! ఆ అబద్ధం ఆడదు గుండుతో కనిపించినప్పుడు మన ఊళ్ళో మిగిలే రెండు అర్థాలలో మంచిది. రెండోది ఏమిటో మీకు తెలుసు. మా అన్న నిక్షేపంలాగా ఉన్నాడు.

ఆమె మనసు మళ్ళిద్దామని నేను ఫోన్లో హంసానందిని ఫోటో చూపించాను. 2021 డిసెంబరులో ఆ నటి తనకు రొమ్ము క్యాన్సర్ అని, చికిత్స నడుస్తున్నదని, గుండుతో ఫోటో తీయించుకుని లోకానికి చెప్పింది. మన ఆంధ్రా అమ్మాయి గౌతమి అంతకు ఎంతో ముందే తన జబ్బు గురించి నలుగురిలో మాట్లాడింది. ఈ నటీమణులు బయట చేసిన పని మన సినిమాలు తెరమీద చేయలేకపోయాయి. వదిన ఫోటోని వెడల్పు చేసి చూసి, "మంచిగుంది. ఆమె తల గుండ్రంగ ఉన్నది. నాది సొట్ట" అంది. అంతే. కాని మర్నాటి నుంచి ఎములాడ పేరు ఎత్తలేదు.

నాలుగో డోసుకు నేనే తోడు వెళ్ళాను. డ్రిప్పు ఎక్కుతూండగా చదువుకునే పిల్ల ఒకతె అట్టకు బిగించిన కాగితాలతో వచ్చి స్టూలు మీద కూర్చుంది. పరిశోధన కోసం కొన్ని ప్రశ్నలు అడుగుతానంది. అడిగినకొద్దీ నాకు ఆసక్తి పుట్టి, తరువాత ఆ కాగితాలు అడిగి తీసుకుని చదివాను. బ్రస్సెల్స్ కేంద్రంగా ఉన్న యూరపు క్యాన్సర్ సంస్థ తయారు చేసినవవి. 1993లో వచ్చిన ముప్ఫై ప్రశ్నలు ఏ క్యాన్సర్‌కయినా. 1996లో చేర్చిన ఇరవై మూడు ప్రత్యేకంగా రొమ్ము క్యాన్సర్‌కి. దాదాపు అన్నిటికీ జవాబులు నాలుగే: అస్సలు లేదు, కొంచెం, బాగానే, చాలా ఎక్కువ. రోగుల జీవితం ఏ తీరుగా ఉందో వీటితో కొలుస్తారట.

నవలాకారిణిని కనుక నవల చదివినట్టే చదివాను. ఒక్క విశేషణం లేదు. ఒక్క ఉపమానం లేదు. నోరు ఎండుతున్నదా? తిండి రుచి మారిందా? జుట్టు ఊడిందా, ఊడితే బాధపడ్డారా? అద్దంలో మీ ఒంటిని చూసుకోవడం కష్టంగా ఉందా? చిన్నవాటికి చికాకు పడుతున్నారా? డబ్బుకు ఇబ్బంది అయిందా? చదువుతూంటే నాకు సిగ్గేసింది. ఏడిపించాలని వ్రాసిన నలభై వారాల్లో నేను అడగని ప్రశ్నలు, ఎవరినీ ఏడిపించే ఉద్దేశం లేని ఈ కాగితాల్లో ఉన్నాయి. దాంపత్యం గురించిన మూడు ప్రశ్నలు వచ్చేసరికి ఆ పిల్ల గొంతు తగ్గించింది. వదిన పకపకా నవ్వి, "ముప్ఫయేండ్ల సంది ఎవ్వలడగలే బిడ్డా, గిప్పుడడుగుతున్నరా!" అంది. నవ్వి నవ్వి, కళ్ళు తుడుచుకుని, మూడింటికీ జవాబు చెప్పింది.

ఇంత మెచ్చుకున్నాను కనుక తప్పులూ చెప్పవచ్చు. మొదటి ప్రశ్నే బరువైన సంచీ గాని సూట్‌కేసు గాని మోయడం గురించి. వదిన జన్మలో సూట్‌కేసు మోయలేదు. నీళ్ళ బిందె అని ఉండవలసింది. పగటిపూట మంచం మీదో కుర్చీలోనో ఉండిపోవలసి వస్తున్నదా అన్న ప్రశ్నకు "లేదు" అంది. పడుకోవలసిన అవసరం ఉండి కూడా పడుకోని ఇల్లాలు ఆ వ్రాసినవారి ఊహలో లేదు కాబోలు! ఇవి చిన్నవి. పెద్ద తప్పు మరొకటి ఉంది. ప్రశ్నల్లో ఎక్కువభాగం "గడిచిన వారంలో" అని అడుగుతాయి. వదిన ఆసుపత్రికి వచ్చేదే ఇరవై ఒక్కటో రోజున. గడిచిన వారమంటే మూడో వారం. మటన్ వండిన వారం, కోడలితో తగాదా పడిన వారం! మొదటి రెండు వారాలూ ఆ కాగితం మీదికి రానే లేదు. మన సినిమాలు ఆఖరి వారాన్నే చూశాయి. ఈ కాగితాలు మూడో వారాన్నే చూశాయి.

ఆ తప్పిపోయిన రెండో వారంలో ఏం జరిగిందో నాకు తెలుసు. మూడో డోసు పడిన పదకొండో రోజు, అక్టోబరు 10, సద్దుల బతుకమ్మ. గుంపులోకి పోవద్దని డాక్టరు గట్టిగా చెప్పారు. అంతకుముందే వదిన కేలండరు మీద వేలుపెట్టి లెక్కబెట్టుకుని, డోసు వారం వెనక్కి జరపడానికి వీలవుతుందా అని నర్సును అడిగిందట. ఎందుకమ్మా అంటే, "ఇంట్ల పనుంది" అంది. బతుకమ్మ కోసమని చెప్పడానికి నామోషీ పడింది. ప్రాణం మీదికి వస్తే పండగేమిటి అంటారని! ఆ సాయంత్రం కోడలు బతుకమ్మను పేరుస్తూంటే వదిన దూరంగా కుర్చీలో కూర్చుని, తంగేడు తరువాత గునుగు ఎక్కడ రావాలో చెబుతూ వచ్చింది. మేమంతా వెళ్ళి ఆడి తిరిగి వచ్చేసరికి, గేటు లోపల, ముక్కుకు మాస్కు కట్టుకుని, వీధి చివరినుంచి వినవచ్చే పాటకు వంగి లేస్తూ ఒక్కర్తే చప్పట్లు కొడుతోంది. మమ్మల్ని చూసి చేతులు కొంగులో దాచుకుంది.

కాగితాల్లో ఏడో ప్రశ్న ఉంది. మీ వ్యాపకాలకు, సరదాలకు ఏమైనా ఆటంకం కలిగిందా అని. వదిన "అస్సలు లేదు" అంది. నేను ఆగలేక "అదేమిటి వదినా, బతుకమ్మ..." అన్నాను. "పేషెంటే చెప్పాలి ఆంటీ" అంది ఆ పిల్ల మర్యాదగానే. వదిన నావైపు తిరిగి, "బతుకమ్మ సరదా ఎట్లయితది మరదలా?" అంది. పిల్ల "అస్సలు లేదు" దగ్గర సున్నా చుట్టింది.

నాలుగు డోసుల తరువాత మందు మార్చారు. వారానికొకటి చొప్పున పన్నెండు. వాంతులు లేవు, కాని చేతివేళ్ళు మొద్దుబారడం మొదలయింది. మొదట చివళ్ళు తిమ్మిరెక్కాయి. సంక్రాంతి నాటికి సూదిలో దారం ఎక్కించలేకపోయింది. హుక్కులు దొరకవు, గుండుసూది పట్టు చిక్కదు. జాకెట్లు కుట్టే మనిషికి వేళ్ళు! చాలామందికి నెలల్లో తగ్గుతుందని, కొందరికి కొంత మిగిలిపోతుందని చెప్పారు. ఆ పిల్ల మళ్ళీ వచ్చి అవే యాభై మూడు ప్రశ్నలు అడిగింది. వాటిలో వేళ్ళ గురించి ఒక్కటీ లేదు. 1996 నాటికి ఈ రకం మందులు ఇంకా కొత్త. 2020లో ఆ సంస్థవారే ఇరవై మూడింటిని నలభై అయిదు చేసి, వేళ్ళ తిమ్మిరిని కూడా చేర్చారు. ఆ పిల్ల చేతిలో ఉన్నది పాతది. అయినా తమ ప్రశ్నల్లో లోటుందని తెలుసుకుని కొత్తవి చేర్చుకున్నవాళ్ళను తప్పు పట్టడానికి నాకేం హక్కుంది? నా కథానాయిక ముంగురులు ఈనాటికీ ఎగురుతూనే ఉన్నాయి.

ఆ సీరియల్‌ను ఇప్పుడు పుస్తకంగా వేస్తున్నారు. ప్రూఫులు వస్తే పరకాల పట్టుకెళ్ళి వదినకిచ్చాను. ఆమె కుట్టుసుద్ద తీసుకుని, జాకెట్టు మీద కత్తిరించవలసిన చోట గీసినట్టు, మూడు చోట్ల గీత పెట్టింది. ఒకటి ముంగురుల దగ్గర. రెండోది ఆఖరి ఒకటిన్నర పేజీ దగ్గర. "నోట్లె పుండ్లుంటే గంత మాట్లాడుతదా?" అంది. మూడోది, ఆసుపత్రి నుంచి వచ్చిన మర్నాడు కథానాయిక పట్టుచీర కట్టుకుని తులసికి నీళ్ళు పోసే చోట.

"ఇక్కడేం తప్పుంది వదినా?"

"తప్పేం లేదు. ఆ దినం ఏం తిన్నదో రాయలేదు."

అని, ఒళ్ళో ఉన్న తన జాకెట్టు తీసుకుంది. ఎడమవైపు లోపల చిన్న సంచీలాగా కుట్టి, దూది కూరి, బరువు కోసం కాసిని ఆవాలు పోసుకుంటుంది. మూతి కుట్టడం మిగిలింది. "జర ఈ సూదిల దారమెక్కియ్యి" అంది. ఎక్కించి ఇచ్చాను. ప్రూఫులు ఇంకా ప్రెస్సుకు పంపలేదు.